పైపు లోపలి మెడ

నన్ను మా వీధిలో గొట్టాలాయన అంటారు. నా వెనకాల గొట్టంగాడు అనేవాళ్ళు కూడా ఉన్నారని నాకు తెలుసు. కార్లకు సైలెన్సర్ పైపులు చేయడం నా పని. కంపెనీ పైపు ఊడదీసి, కారు యజమాని కోరిన శబ్దం, కోరిన పరుగు వచ్చేలా స్టీలు గొట్టాన్ని కోసి, వంచి, అతికి బిగిస్తాను. నలభై ఏళ్ళుగా ఇదే పని. నా అతుకు మీద వేలు పెట్టి రాస్తే అది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే చెబుతున్నాను. పనిలో నాకున్న ఆ మంచి పేరే చివరికి నా కూతురి కొంప ముంచింది.

మా అమ్మాయిని నేను లెక్కల పంతులమ్మ అని పిలుస్తాను. ఇంజిన్‌లోకి ఎంత గాలి వస్తే ఎంత పెట్రోలు పోయాలి, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలి అన్నది కారులోని కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ కంప్యూటర్ లెక్కలు సరిదిద్దడం మా అమ్మాయి పని. మా షెడ్డులోనే, నా వెల్డింగ్ బల్లకు అవతల, రేకు బీరువా పక్కన కుర్చీ వేసుకుని ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుంది. కొలత చూడనిదే దేన్నీ నమ్మదు. ఎండ మండిపోతోందే అంటే థర్మామీటర్ చూసి "ముప్పై ఏడే నాన్నా" అంటుంది. చొక్కా జేబులో పెన్నంత టార్చిలైటు ఒకటి, పక్కనే కొలిచే వెర్నియర్ ఎప్పుడూ ఉంటాయి. డబ్బాలోంచి తీసిన కొత్త సామానైనా సరే, టార్చి వేసి లోపల చూసిగానీ బిగించదు. ఒక్క నా పైపులకే ఆ తనిఖీ ఉండేది కాదు. ఒక చివర పట్టుకుని, అతుకు మీద వేలు రాసి, "బాగుంది నాన్నా" అని నేరుగా కారు కిందికి దూరేది.

దానికి డిగ్రీ లేదు. నాకు వెన్ను పట్టేసి మంచానపడ్డ ఏడాది షెడ్డు చూసుకోవడానికి చదువు డిప్లొమాతో ఆపేసింది. నేను ఆపమనలేదు, అలాగని వద్దనీ అనలేదు. ఆ ఏడాది తర్వాత అది మళ్ళీ కాలేజీ మాట ఎత్తలేదు. ఒక కార్ల కంపెనీ ఇంజిన్ పరీక్షా కేంద్రంలో మాత్రం డిగ్రీ లేనివాళ్ళకు ఒక చోటు ఉంది. మూడేళ్ళకొకసారి, చేతిపని చూపించినవాళ్ళలోంచి ఒక్కరిని తీసుకుంటారు. ఇరవై ఎనిమిది నిండకూడదు. మా అమ్మాయికి అది నిండడానికి నాలుగు నెలలుంది. కిందటిసారి మాకు ఈ సంగతి తెలియదు. అంటే ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి.

పరీక్ష ఏమిటంటే, సొంత టర్బో కారు, అంటే బయటికి పోయే పొగతోనే ఒక చక్రం తిప్పి ఇంజిన్‌లోకి గాలి ఎక్కించుకునే కారు, తెచ్చుకోవాలి. ఇంజిన్ లోపల ముట్టుకోకూడదు. పైపూ, కంప్యూటర్ లెక్కలూ మాత్రం మార్చుకోవచ్చు. కారును రోలర్ల మీద ఎక్కించి చక్రాలు తిప్పితే మిషన్ రెండు గీతలు గీస్తుంది. ఒకటి టార్క్, అంటే లాగుడు. ఎత్తు ఎక్కేటప్పుడు వీపు వెనక ఎవరో తోస్తున్నట్టు ఉంటుందే, అది. రెండోది హార్స్‌పవర్. ఆ లాగుడు ఎంత వేగం దాకా తగ్గకుండా నిలబడుతుందన్న లెక్క. కంపెనీ నుంచి వచ్చినప్పుడు నూటయాభై ఉన్న మా కారు నూటఎనభై హార్స్‌పవర్ చూపించాలి. ఇంజిన్ వేగం నిమిషానికి ఇరవైరెండు వందల చుట్లు దాటకముందే లాగుడు నిండుగా రావాలి.

మా అమ్మాయి ముందుగా మామూలు ఇనప గొట్టంతో ఒక ముతక పైపు వేయించుకుంది. మొదటి నుంచి చివరి దాకా మూడంగుళాలు. రోలర్ల మిషన్ ఉన్న నా స్నేహితుడి షెడ్డుకు తీసుకెళ్ళి కొలిపించి, కాగితం ఊపుకుంటూ వచ్చింది. నూటఎనభై నాలుగు. లాగుడు ఇరవైఒక్క వందలకే నిండింది. వాళ్ళమ్మ ఆ కాగితాన్ని అద్దం దగ్గర పెట్టింది, పెళ్ళి ఫొటో పక్కన.

నేను మాత్రం కారు తీసుకుని షెడ్డు వెనకున్న ఎత్తు ఎక్కించి చూశాను. నా చెవికి ఆ శబ్దం బోలుగా వినిపించింది. దిగి వచ్చి అదే మాట అన్నాను.

"కింద లాగుడు లేదమ్మా. పైపు మరీ ఖాళీగా ఉంది. పొగకి కాస్త అడ్డు ఉండాలి."

"అది టర్బో లేని ఇంజిన్ల మాట నాన్నా. అక్కడ కూడా అడ్డు వల్ల కాదు, సన్న పైపులో పొగ జోరుగా పోవడం వల్ల. ఇక్కడ పొగ టర్బో చక్రాన్ని తిప్పుకుంటూ బయటికి పోవాలి. చక్రానికి ముందు ఒత్తిడి ఎక్కువ, వెనకాల తక్కువ ఉంటేనే అది తిరిగేది. వెనకాల నువ్వు దారి మూశావనుకో, చక్రం బద్ధకిస్తుంది. చక్రం లేటైతే గాలి లేటు. గాలి లేటైతే లాగుడు లేటు."

"మరి కంపెనీవాళ్ళు సన్నగా ఎందుకు పెట్టారు? వాళ్ళకి తెలీదా?"

"వాళ్ళకి శబ్దం తగ్గాలి, కారు కింద చోటు సరిపోవాలి. వాళ్ళ లెక్కలు వాళ్ళవి."

"నీ కాగితం ఒప్పుకుంటోంది గానీ నా వీపు ఒప్పుకోవడం లేదు."

"నీ వీపుని రోలర్ల మీద ఎక్కించలేం కదా."

వాళ్ళమ్మ పక్కున నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం చురుక్కుమంది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, అందరికీ తెలుసు. అది బయటికి వచ్చేస్తే ఏ గొడవా లేదు. ఆ రోజు రాలేదు, లోపలే కూర్చుంది.

నాకు పని నేర్పిన గురువు, ఏ పైపు చేసినా మొదటి అతుకు దాటాక జానెడు దూరంలో లోపల ఒక ఇనప కట్టు వేసేవాడు. నాలుగు వేళ్ళ పొడవు, రెండంగుళాల బోలు. దాన్ని మెడ అనేవాడు. బయటికి కనిపించదు. ఆ కాలం ఇంజిన్లకు పెద్ద పైపు వేస్తే కింద లాగుడు పోయేది, మెడ వేస్తే తిరిగి వచ్చేది. కారు తీసుకెళ్ళినవాళ్ళు మర్నాడు వచ్చి ఆయన చేతులు పట్టుకునేవాళ్ళు. నేనూ ఎన్ని వందల మెడలు వేశానో లెక్క లేదు.

పరీక్షకు తుప్పు పట్టే ముతక పైపు పనికిరాదు, మెరిసే స్టీలుతో ముగించిన పైపే ఉండాలన్నారు. మా అమ్మాయి అప్పటికి కాగితాలు, ఫొటోలు, సంతకాలంటూ ఊపిరాడకుండా తిరుగుతోంది. నాకు ఒక బొమ్మ గీసి ఇచ్చింది. కింద రాసింది: మొత్తం మూడంగుళాలు, ఎక్కడా తగ్గకూడదు. ఆ మాట కింద రెండు గీతలు కూడా గీసింది.

మూడు రోజులు ఒళ్ళు దాచుకోకుండా చేశాను. నా బతుకులో అంత మంచి పైపు చేయలేదు. ఆఖరి అతుకు ఒక్కటే మిగిలింది. పైపు రెండు ముక్కలూ బల్ల మీద పెట్టుకుని ఆగిపోయాను. నా కూతురి బతుకు ఈ పైపు మీద ఉంది, ఇందులో మెడ లేకుండా ఎలా పంపిస్తాను అనిపించింది. దానికి తెలియనిది నాకు తెలుసనుకున్నాను. లేత్ మీద ఒక కట్టు తీసి, రెండు ముక్కలూ కలిసే చోట లోపల కూర్చోబెట్టి, బయటి అతుకుతో కలిపేశాను. అది గెలిచి వచ్చాక చెబుదామనుకున్నాను. "చూశావా పంతులమ్మా, నీ లెక్క వెనకాల మీ నాన్న మెడ ఉంది" అని. ఆ మాట ఎలా అనాలో కూడా మనసులో అనుకుని చూసుకున్నాను, నవ్వుకున్నాను కూడా.

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం పైపు దాని చేతిలో పెట్టాను.

"మొత్తం మూడంగుళాలే కదా నాన్నా?"

"నువ్వు చెప్పినట్టే."

అతుకు మీద వేలు రాసింది. "అబ్బ, ఎంత బాగుందో" అంది. జేబులో టార్చి ఉంది. తీయలేదు.

మర్నాడు ఉదయం కొత్త పైపు కదా అని మెల్లగా నడుపుకుంటూ తీసుకెళ్ళింది. పైపు పని నాది కనుక సహాయకుడిగా నన్నూ లోపలికి రానిచ్చారు. తెల్లటి గోడలు, నేలలోకి దిగిన రోలర్లు, ఇంజిన్ ముందు మనిషెత్తు ఫ్యాను. చెవులకు పెట్టుకోమని దొప్పలు ఇచ్చారు. పరీక్ష పెట్టే ఇంజనీరు నెరిసిన జుట్టావిడ, గట్టిగా ఒక్క మాటా మాట్లాడని మనిషి. మూడుసార్లు పరిగెత్తించవచ్చు, రెండోదానికీ మూడోదానికీ మధ్య అరగంట వ్యవధి ఇస్తాను, ఆ అరగంటలో ఏదైనా విప్పి సరిచేసుకోవచ్చు, గ్రైండర్, వెల్డింగ్ సామాను ఇక్కడే ఉన్నాయి అని చెప్పింది.

మొదటి పరుగు. తెర మీద గీత లేవాల్సిన చోట లేవలేదు. పాకుతూ పాకుతూ ఇరవైఏడు వందల దగ్గర నిండింది. పైన నూటఅరవై తొమ్మిదికి వాలిపోయింది.

నాకు అక్కడే తెలిసింది. చక్రం లేటు, గాలి లేటు, లాగుడు లేటు. అది చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా తెర మీద గీసి ఉంది.

రెండో పరుగు నూటడెబ్బై ఒకటి. ఆవిడ మా దగ్గరికి వచ్చింది.

"మీ ట్రయల్ కాగితంలో నూటఎనభై నాలుగు ఉంది. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?"

"పైపు ఒక్కటే మేడమ్. కొలత మాత్రం అదే."

"అయితే పైపు విప్పి చూడండి. అరగంట ఉంది. లోపలికి దూర్చే కెమెరా కూడా ఇస్తాను."

"అక్కర్లేదు మేడమ్" అంది మా అమ్మాయి. "పైపు మా నాన్న చేశారు. అందులో తేడా ఉండదు."

ఆవిడ నా వైపు చూసింది. తెల్లారి లేస్తే కొలతలు తప్ప దేన్నీ నమ్మని పిల్ల, కన్నతల్లి ఉప్పేస్తే ఎన్ని గ్రాములని అడిగే పిల్ల, ఒక పరాయి మనిషి ముందు ఆ మాట అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

నాలుగు బోల్టులు, ఒక బిగింపు పట్టీ. తోలు తొడుగులు వేసుకుంటే పది నిమిషాల్లో పైపు చేతిలోకి వస్తుంది. గ్రైండర్ పెడితే ఐదు నిమిషాల్లో మెడ ఊడుతుంది. తిరిగి అతికి బిగించడానికి ఇంకో పది. సరిపోతుంది. లెక్క వేసుకున్నాను, నిజంగా వేసుకున్నాను. అయినా చెప్పలేదు. ముందు, ఇది మెడ వల్ల కాదేమో అని నాకు నేనే బుకాయించుకున్నాను. మెడ వల్లే అయితే మా గురువు, నేను, నలభై ఏళ్ళు, అన్నీ ఏమవుతాయన్నాను. తర్వాత ఆ నెరిసిన జుట్టావిడ ముందు ఎలా చెప్పడం అనుకున్నాను. ఇరవై రెండు నిమిషాలున్నప్పుడు చెబుదామనుకున్నాను. పదిహేను ఉన్నప్పుడు, ఇంకా వేళ ఉందనుకున్నాను. ఆరు మిగిలినప్పుడు, ఇప్పుడు చెప్పినా లాభం లేదనుకున్నాను. ఊరందరి మీదా నోరు పారేసుకునే మనిషిని, నా పిల్లకు అవసరమైన ఒక్క అరగంట నోరు మూసుకుని నిలబడ్డాను.

అది ఆ అరగంటా బల్ల దగ్గర తల వంచుకుని కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. తప్పు లేని చోట తప్పు వెతుక్కుంటోంది. నెలల తరబడి సరిచూసుకున్న అంకెలను ఒక్కొక్కటే చెరిపేసి కొత్తవి వేస్తోంది. నేను వెళ్ళి నీళ్ళ సీసా ఇచ్చాను. నేను చేసిన సాయం అదొక్కటే. "థాంక్స్ నాన్నా" అని తాగింది.

మూడో పరుగుకు గాలి ఒత్తిడి పెంచింది. నూటడెబ్బై మూడు దగ్గర పొగ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. ఆవిడ చెయ్యెత్తి ఆపించింది. ఫ్యాను మెల్లగా ఆగింది.

"లెక్క చక్కగా కట్టావమ్మా. ఎక్కడో ఏదో జారింది" అంది ఆవిడ సంతకం పెడుతూ.

"నాదే మేడమ్. తప్పు నాదే" అంది మా అమ్మాయి.

తిరిగి వచ్చేటప్పుడు అదే నడిపింది. ఏడవలేదు. షెడ్డు వెనకున్న ఎత్తు దగ్గర కాలు గట్టిగా నొక్కింది. కారు ఈడ్చుకుంటూ ఎక్కింది.

"నువ్వు చెప్పింది నిజమే నాన్నా" అంది. "కింద లాగుడు లేదు. నేనే కాగితం చూసి మురిసిపోయాను. అంత మంచి పైపు చేసిచ్చావు, దానికి నేను న్యాయం చెయ్యలేకపోయాను."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఈ భూమి మీద నాకంటే నీచుడు ఉండడని ఆ నిమిషాన అనిపించింది, ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోలేను.

ఆ మర్నాటి నుంచి అది లాప్‌టాప్ తెరవలేదు. రేకు బీరువాలో పెట్టి తలుపేసింది. కారు తెచ్చినవాళ్ళతో "నాకంత రాదండీ, వేరేచోట చూపించుకోండి" అనడం నా చెవులతో విన్నాను. రోజంతా కూర్చుని నట్లు, బోల్టులు సైజుల వారీగా డబ్బాల్లో వేసేది. వాళ్ళమ్మ అద్దం దగ్గరి కాగితం తీసి ఎక్కడో దాచింది.

ఐదో రోజు కారు నా స్నేహితుడి షెడ్డుకు తీసుకెళ్ళాను. పైపు విప్పి, మెడ కోసి తీసేశాను. అమ్మాయి పాత లెక్కలు అతని దగ్గరే దాచి ఉన్నాయి, వాటిని తిరిగి ఎక్కించాడు. రోలర్ల మీద పరిగెత్తించాం. నూటఎనభై ఆరు. లాగుడు రెండువేల ఎనభైకే నిండింది. ముతక పైపు కంటే నా అతుకులు నున్నగా ఉన్నాయి కదా, రెండు హార్స్‌పవర్ ఎక్కువే వచ్చింది. స్నేహితుడు నా భుజం తట్టాడు. నేను అక్కడే టైర్ల గుట్ట మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇంటికి వచ్చి ముందు మా ఆవిడతో చెప్పాను. ఆవిడ చేతిలో పని ఆపకుండా మొత్తం వింది.

"నా దగ్గర ఏడిస్తే ఏం లాభం" అంది. "దాని దగ్గరికి పో."

పోయాను. అమ్మాయి బోల్టుల డబ్బా ముందు కూర్చుని ఉంది. మెడనూ, కొత్త కాగితాన్నీ దాని ముందు పెట్టాను. అది ముందు మెడ తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. జేబులోంచి వెర్నియర్ తీసి లోపలి బోలు కొలిచింది. ఆ తర్వాతే కాగితం చూసింది.

"ఎప్పుడు పెట్టావు?"

"పైపు ముగించిన రోజు."

"ఎందుకు నాన్నా?"

"నీకు లాగుడు రావాలని."

తల ఊపింది. కాగితాన్ని మడత పెట్టింది, మళ్ళీ విప్పింది.

"ఆ అరగంటలో నీకు తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. నమ్మేది కూడా. ఇంకొక అబద్ధం ఆడే ఓపిక నాకు లేకపోయింది.

"మొదటి గీత చూడగానే తెలిసింది."

అది నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును. "ఐదు రోజుల నుంచి వెతుకుతున్నాను, లెక్క ఎక్కడ తప్పిందా అని" అంది మెల్లగా. అప్పుడు వచ్చింది దానికి ఏడుపు. చెయ్యి వెయ్యబోయాను. కాస్త పక్కకు జరిగింది. కావాలని జరగలేదు, నాకు తెలుసు. అయినా జరిగింది.

మర్నాడు ఒక్కణ్ణే ఆ పరీక్షా కేంద్రానికి వెళ్ళాను. నెరిసిన జుట్టావిడ ముందు మెడ పెట్టి జరిగిందంతా చెప్పాను. తల కొట్టేసినట్టు ఉంటుందని భయపడి ఆ రోజు చెప్పలేదు కదా, ఇప్పుడు చెబితే ఏమీ కాలేదు. రెండు నిమిషాలు పట్టింది. ఆవిడ మెడను చేతిలో పెట్టుకుని విన్నది. నిన్ననే వేరేవాళ్ళను తీసుకున్నామని చెప్పింది. గుమ్మం దాకా వచ్చి, "విప్పి చూడమన్నాను కదండీ" అంది.

నాలుగు నెలలు గడిచాయి. ఇరవై ఎనిమిది నిండాయి. మా అమ్మాయి మళ్ళీ లాప్‌టాప్ తెరిచింది, మళ్ళీ కార్లు వస్తున్నాయి. నాతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది, ఎండ ఎంతుందో చెబుతుంది, నా వీపు మీద జోకులు వేస్తుంది. నేను మెడలు వేయడం మానేశాను. టర్బో కారు వస్తే బొమ్మ దాన్నే గీయమంటాను, గీసినట్టే చేస్తాను.

పైపు పూర్తయ్యాక తీసుకెళ్ళి ఇస్తాను. అది అతుకు మీద వేలు రాస్తుంది, బాగుందంటుంది. తర్వాత జేబులోంచి టార్చి తీస్తుంది. ఏమీ అనదు, నా మొహం చూడదు. ఒక చివర కన్ను పెట్టి, వంపుల వెంట వెలుతురు తిప్పుకుంటూ లోపలంతా చూస్తుంది. చూడాలి కూడా, పని తెలిసినవాళ్ళు ఎవరైనా చూడాలి. నేను రెండో చివర పట్టుకుని, ఆ వెలుతురు నా అరచేతిలోకి వచ్చేదాకా కదలకుండా నిలబడతాను.